ట్రెజరీ పొరపాటుకి అమ్మ పెన్షన్‌లో కోత పెట్టొచ్చా?

నాన్న అటెండర్‌గా పనిచేస్తూ 2012లో పోయారు. అమ్మకి ఏడేళ్లు ఎక్కువ రేటు ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చి, 2019లో నాన్న చివరి జీతంలో 30 శాతానికి తగ్గించాల్సింది. ఆఫీసువాళ్లు మర్చిపోయారు. ఇప్పుడు 4,12,000 రూపాయలు వెనక్కి కట్టాలట! అమ్మ ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూనే ఉంది, ఏదీ దాచలేదు. పాస్‌బుక్‌లో ఎంత పడితే అదే పెన్షన్ అనుకుంది. వేలిముద్ర వేసే మనిషికి ఈ శాతాలేం తెలుస్తాయి?

ఇకముందు తగ్గించుకుంటే సరే, పాతది ఎక్కడి నుంచి తేవాలి? రిటైరైనవాళ్ల దగ్గర, కిందిస్థాయి ఉద్యోగుల దగ్గర ఇలాంటి రికవరీ కూడదని 2014లో రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, అది ఫ్యామిలీ పెన్షన్‌కీ వర్తిస్తుందా? ముందు ట్రెజరీకి అర్జీ పెట్టాలా, నేరుగా హైకోర్టులో రిట్ వెయ్యాలా? వచ్చే నెల నుంచే కోత అంటున్నారు. అమ్మకి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.