మళ్ళీ మళ్ళీ వచ్చే విలన్‌ని తెలుగులో ఏమనాలి?

మాది కడప. ఆదివారాలు మా మేడ మీద గదిలో ఐదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. కథ నడిపేవాణ్ణి డీఎం అంటారు, మా దగ్గర ఆ పని నాది. మిగతా నలుగురిదీ తలా ఒక పాత్ర. ఏం చేయబోతున్నారో నోటితో చెబుతారు, అది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. రెండేళ్ళుగా మొత్తం తెలుగులోనే నడుపుతున్నాం. అందుకే మాట దొరక్కపోతే ఆట ఆగిపోతుంది.

ఒకసారి ఓడి, బతికి బయటపడి, కొన్నాళ్ళకు మళ్ళీ కథలోకి వచ్చే విలన్ ఉంటాడు. ఇంగ్లీషులో రికరింగ్ విలన్ అంటారు. "పునరావృత ప్రతినాయకుడు" అని రాసి చూశాను, నోరు తిరగలేదు. పైగా ప్రతినాయకుడు ఉండాలంటే ముందు నాయకుడంటూ ఒకడుండాలి. మా బల్ల దగ్గర నలుగురూ సమానమే. విలన్ అనే మాటకైతే మొదట్లో పొలం పనివాడనే అర్థం. లాటిన్‌లో విల్లా అంటే పొలంలో ఇల్లు, అక్కడ పనిచేసేవాడి పేరు చివరికి దుర్మార్గుడి పేరైంది. రైతుల ఊళ్ళో ఆ మాట వాడాలంటే నాకు మనసు రాదు.

మా కథలో వాడు సుంకరి. పాత తెలుగులో సుంకం వసూలు చేసేవాణ్ణి అలా అనేవారు. గండికోటలాంటి కోట, కింద పెన్నలాంటి ఏరు, గవిని దగ్గర, అంటే కోట వాకిట్లో, వీడు. మొదటిసారి కత్తి కూడా తీయలేదు, శెనక్కాయలు ఒలుచుకుంటూ వీళ్ళ మూటలు విప్పించి డబ్బు గుంజాడు. రెండోసారి వీళ్ళకు చిక్కాడు. 2014 నియమాల పుస్తకం ప్రకారం, దగ్గరి నుంచి కొట్టిన దెబ్బకు ఎదుటివాడి ప్రాణం సున్నాకు దిగితే చంపడమా, స్పృహ తప్పించడమా అన్నది కొట్టినవాడి ఇష్టం. స్పృహ తప్పించి, కట్టేశారు. ఇద్దరు చంపుదామన్నారు. వైద్యురాలి పాత్ర ఆడే అమ్మాయి వేమన పద్యం అందుకుంది:

చంపదగిన యట్టి శత్రువు తనచేత
చిక్కెనేని కీడు సేయరాదు
పొసగ మేలు చేసి పొమ్మనుటే చాలు
విశ్వదాభిరామ వినుర వేమ

కట్లు విప్పి, గాయానికి మందు రాసి, పొమ్మన్నారు.

ఆరు వారాల తర్వాత, బెలుం గుహల్ని తలచుకుని గీసిన ఒక గుహలోకి దిగారు. "నేల మీద ఏముంది?" అని అడిగారు. నేనేమీ చెప్పలేదు. జేబులోంచి నాలుగు శెనక్కాయ తొక్కలు తీసి మ్యాప్ మీద పెట్టాను. కాసేపు ఎవరి నోటా మాట లేదు. తర్వాత ఒకడు కుర్చీలోంచి లేచి, "వాడు మళ్ళా వచ్చినాడ్రా!" అని అరిచాడు. ఆ "మళ్ళా"లో ఉన్నదంతా పట్టే మాట కావాలి నాకు.

నాకు తోచింది "పగవాడు". శత్రువుతో మనకు పరిచయం ఉండనక్కర్లేదు, ఎదుటి సైన్యంలో ఎవడైనా శత్రువే. పగకు మాత్రం గతం ఉండాలి. అప్పు తీర్చినట్టే పగ తీర్చుకుంటాం, రెండూ తీరేదాకా ఉంటాయి. మీరేమంటారు?

అనంతపురం నుంచి: అన్నా, మాట సంగతి తర్వాత, ముందు పద్యంలో "పొసగ" దగ్గర ఆగండి. పొసగడం అంటే కుదరడం, తగి ఉండడం. "వాళ్ళిద్దరికీ పొసగదు" అని ఇప్పటికీ అంటాం. మామూలు మాటల్లో అది కాదు, లేదు అని చెప్పడానికే మిగిలింది. వేమన ఉత్త మేలు చేయమనలేదు, తగిన మేలు చేయమన్నాడు. మీవాళ్ళు గాయానికి మందు రాశారు సరే, చిక్కినవాడిగా తిరిగి వెళ్తే కోటలో వాడి కొలువు ఉంటుందా? వాడి పగ అక్కడ పుట్టి ఉంటుంది.

కర్నూలు నుంచి: "పగ" మాత్రం వద్దండీ. మన జిల్లాల పేరు చెప్పగానే వేటకొడవళ్ళు, గాల్లోకి లేచే సుమోలు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మా అమ్మాయి హాస్టల్లో ఇది విని ఏడ్చింది. సరదాగా ఆడుకునే ఆటలోకి కూడా అదే మాటా? "పాతకాపు" అనండి.

ధర్మవరం నుంచి: మా పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు. ఏ కథ ఆడినా మధ్యలో నవ్వించడానికి బంగారక్క, జుట్టు పోలిగాడు రావాల్సిందే. బొమ్మ తెర మీదికి రాకముందే గొంతు వినగానే పిల్లలు లేచి కూర్చుంటారు. మీ శెనక్కాయ తొక్కలు చేసిన పనీ అదే. ఆ గుర్తు మార్చకండి, ఇంకోటి చేర్చకండి.

కడప నుంచి, మొదట రాసినవాణ్ణి: అనంతపురం తమ్ముడికి దండం. కొలువు సంగతి నాకు తట్టనే లేదు. వాడు తిరిగి రావడానికి నేను రాసుకున్న కారణం ఉత్త కోపం. ఇప్పుడది చెరిపేశాను.

కర్నూలు సార్, మీ అమ్మాయి బాధ మా ఇంట్లోనూ ఉంది. అయినా మాటను సినిమాకు వదిలేయలేను. పగవాడికి కూడా ఈ కష్టం రాకూడదు అని ముందు మన అమ్మలే అన్నారు, ఆ నోట పగవాడు కూడా మనిషే. పాతకాపు మంచి మాట. కథలో ఇంకొకడున్నాడు, ప్రతి ఊళ్ళోనూ ఎదురయ్యే గుర్రాల బేరగాడు, వాడికి అది అతికినట్టు సరిపోతుంది.

గుర్తు గురించి ధర్మవరం వారు చెప్పింది నిజం. వాణ్ణి ప్రతి వారం తేను. వాడి తొక్కలు, వాడు పంపిన మనిషి, వాడు పెంచిన సుంకం, ఇవే ఎక్కువ కనబడాలి. వీళ్ళు ఎక్కడో తిరుగుతున్నా వాడి పని సాగుతూ ఉండాలి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉంటాను. పాచిక వాణ్ణి చంపితే వాడు చచ్చినట్టే. చివరి నిమిషంలో నేను రహస్య ద్వారం తెరిచి కాపాడితే, ఆ నలుగురు గెలిచింది నేను లాక్కున్నట్టు. వాళ్ళు వదిలితే బతికినవాడే వాళ్ళ పగవాడు.

నిన్న ఆట జరిగింది. గుహ చివర సుంకరి చేతిలో సంచి, కాళ్ళ దగ్గర తొక్కలు. వైద్యురాలు కత్తి తీయలేదు. "మేము నీకేం బాకీ?" అని అడిగింది.

"కొలువు" అన్నాడు సుంకరి.

ఆమె మిగతా ముగ్గురి వైపు చూసింది. ఎవరూ పాచిక ముట్టుకోలేదు. రాత్రి తొమ్మిదైంది, అక్కడితో ఆపాం.