అప్‌డేట్: బోరున్న ఇళ్లు కూడా పైపులైను ఖర్చులో వాటా ఇచ్చాయి

హైదరాబాద్ శివార్లలోని మా వీధికి కృష్ణా నీళ్ల పైపులైను వేయించాలంటే 30 ఇళ్లకు కలిపి 6 లక్షలవుతుందని, బోరున్న 10 ఇళ్లవారు డబ్బు కట్టబోమంటున్నారని, వాళ్లను ఎలా ఒప్పించాలని మార్చిలో ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"నా బోరు ఏనాడూ ఎండలేదమ్మా, నేనెందుకు కట్టాలి?" అన్న పెద్దాయన మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే వాదించడం మానేసి, మీరు చెప్పినట్టు మూడు బోర్ల నీళ్లు పరీక్ష చేయించాం. ఆయన బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.9 మిల్లీగ్రాములు వచ్చింది. మన ప్రమాణాల ప్రకారం 1.5 దాటకూడదు. కాచినా అది పోదు. ఆ కాగితాన్ని ఆయన చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో ఇద్దరు మనవలున్నారు మరి.

చివరికి ఇలా తేల్చుకున్నాం. ఇంటికి 20 వేలు. బోరున్నవారు ఇప్పుడు సగం, కనెక్షన్ తీసుకున్న రోజున మిగతా సగం ఇస్తారు. తక్కువైన లక్షను మిగిలిన 20 ఇళ్లవాళ్లం తలా 5 వేలు అదనంగా వేసుకున్నాం, వాళ్లు కట్టినప్పుడు తిరిగి వస్తుంది. అంతా రాసుకుని సంతకాలు చేశాం. నోటిమాటగా మాత్రం వదలకండి.

ఇంకొకటి. బోరు పైపును నల్లా పైపుతో కలపనివ్వకండి. ఒత్తిడి తగ్గినప్పుడు బోరు నీళ్లు వెనక్కి వెళ్లి అందరి నీళ్లనూ పాడుచేస్తాయి. మా వీధిలో బోరుకు వేరే ట్యాంకు తప్పనిసరి చేశాం.

నిన్నటి వరకు నాలుగు ఇళ్లు మిగతా సగం కట్టేశాయి. మొదట కట్టింది ఆ పెద్దాయనే.