పురాణకథను మార్చి రాస్తే, మార్చినందుకే రివ్యూలో మార్కులు తగ్గించాలా?

మిణుగురు:
నిన్న ఒక ఫాంటసీ నవల మీద రివ్యూ పెట్టాను. పురాణంలోని కథే, నాయిక వైపు నుంచి చెప్పారు. అయిదుకి రెండు ఇచ్చి కారణం కూడా రాశాను: ముగింపు మూలంలో ఉన్నట్టు లేదు, ఆమె భర్తతో తిరిగి వెళ్లదు. కింద ఒకరు "ఇది రివ్యూ కాదు, తప్పుల పట్టిక" అన్నారు. అప్పట్నుంచి అదే మనసులో తిరుగుతోంది. మూలానికి కట్టుబడిందో లేదో చూడకుండా పురాణకథకి రివ్యూ ఎలా రాస్తాం?

పుటల మడత:
ఆ మాట అన్నది నేనే. కటువుగా అన్నందుకు క్షమించండి, అభిప్రాయం మాత్రం అదే. మూలం అంటున్నారు, ఏ మూలం? శకుంతల కథ అనగానే మనకి గుర్తొచ్చే ఉంగరం, దుర్వాసుడి శాపం మహాభారతంలో లేవు, కాళిదాసు నాటకంలో ఉన్నాయి. భారతంలో దుష్యంతుడికి అన్నీ గుర్తే, సభలో తెలిసి తెలిసీ ఎవరో ఎరగనంటాడు, ఆకాశవాణి పలికాకే ఒప్పుకుంటాడు. మీ లెక్కన కాళిదాసుకీ రెండు మార్కులే రావాలి కదా!

జానపద కథల్లోనూ ఇదే జరిగింది. ఎర్ర టోపీ పాప కథ 1697లో ఫ్రెంచి రచయిత పెరో పుస్తకంలో తోడేలు పాపను తినేయడంతో అయిపోతుంది, వేటగాడు వచ్చి కాపాడేది 1812 నాటి, జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల పుస్తకంలో. ఆ సోదరులు తమ కథల్నే మార్చుకున్నారు కూడా. మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లి, 1819 కూర్పుకి సవతితల్లి అయింది.

వెన్నెల చదువు:
అది నిజమే గానీ, నాకు మిణుగురు గారి బాధ అర్థమవుతోంది. ఊహ తెలిసినప్పట్నుంచి విన్న కథ, అందులోనూ మనం చేతులెత్తి మొక్కే పాత్రలు, వేరేగా కనిపిస్తే గుచ్చుకుంటుంది. ఇంకోటి, ఈ నవలలతోనే మొదటిసారి పురాణంలోకి వచ్చే పిల్లలు అదే అసలు కథ అనుకుంటారు. ఎక్కడ మార్చారో రివ్యూ రాసేవాళ్లు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

పుటల మడత:
చెప్పమనే నేనూ అంటున్నాను. చెప్పడం వేరు, దానికే మార్కులు కోయడం వేరు. మార్పు వల్ల కథకి ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది రాయండి. శాపం వచ్చాక దుష్యంతుడి తప్పు తేలికైంది, నాటకానికి అతని పశ్చాత్తాపం దొరికింది. కానీ భారతంలో శకుంతల రాజుని నిండు సభలో నిలదీస్తుంది. నన్నయ ఆమె చేత సత్యం గురించి చెప్పించిన పద్యాలు చదవండి, ఎదురుగా ఉన్నవాడు మరిచిపోయినవాడు కాదు, అబద్ధమాడుతున్నవాడు, అందుకే ఆ మాటలకి అంత పదును. అదే శాపం తగిలినవాడైతే మనకి అతని మీద కూడా జాలి కలుగుతుంది, ఆ పదును తగ్గిపోతుంది. ఇలాంటిది ఒక్క పేరా రాసినా ఆ పుస్తకం కొనాలో వద్దో నాకు తెలిసిపోతుంది.

మిణుగురు:
రాత్రి చివరి అధ్యాయాలు మళ్లీ చదివాను. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఆమె వెళ్లకపోవడం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. పుస్తకమంతా ఆమె అతని కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, కోపం వచ్చిన సన్నివేశం ఒక్కటి లేదు, అనుమానం లేదు, చివర్లో హఠాత్తుగా రానంటుంది. ఆ నిర్ణయం ఆమెది అనిపించలేదు, రచయిత తెచ్చి పెట్టినట్టుంది. రెండు మార్కులు అలాగే ఉంచుతాను. కారణం మార్చి రాస్తాను.

వెన్నెల చదువు:
రాయండి, కానీ మూలంతో ఉన్న తేడాలు తీసేయకండి. ముగింపు బయటపెడుతున్నానని ముందే ఒక మాట చెప్పి, కింద విడిగా పెట్టండి. నాలాంటివాళ్లు ముందు అక్కడికే వస్తారు.