‘సమన్వయం’ అంటే కలిసి పనిచేయడమేనా?

బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌లో బస్సు కదలక, ఒక అనువాదం అక్కడే ముగించాను. హింసాత్మక తీవ్రవాదం తలెత్తకుండా కేంద్రం, రాష్ట్రం, నగరపాలక సంస్థ ఏం చేయాలో చెప్పే శిక్షణ పాఠం. రెండు పేజీల్లో ‘సమన్వయం’ 11 సార్లు! విసుగొచ్చి ఒకచోట ‘కలిసి పనిచేయడం’ అన్నాను. తప్పా?

‘తీవ్రవాదం’ దగ్గరా తడబడ్డాను. మన పేపర్లలో ఒకప్పుడు తీవ్రవాది అంటే నక్సలైటు, బాంబు పెట్టినవాడు ఉగ్రవాది. ఇక్కడి కన్నడ పేపర్లో అతనే భయోత్పాదక. పోనీ ‘అతివాదం’ అందామంటే, 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పటి తిలక్ వర్గం గుర్తొస్తుంది. చెయ్యి రాలేదు.

మేష్టారు: తప్పని కాదు నాయనా, పలచబడింది. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు ఒక్క మాటా మార్చం. ఏ విభక్తి దానిదే. కర్త మొదటి పాదంలో, క్రియ నాలుగో పాదంలో ఉన్నా, ఏది దేనితో పోతుందో చూపిస్తాం, అంతే. సమన్వయం దానికి అన్నగారు. బ్రహ్మసూత్రాల్లో నాలుగోది ‘తత్తు సమన్వయాత్’. వేర్వేరు ఉపనిషత్ వాక్యాలు ఒకే తాత్పర్యానికి చేరతాయని. నీ మాటలో ఎవరి పని ఏదో కనపడదు; అందరూ కలిసి ఒకే బండి తోసినా ‘కలిసి పనిచేయడమే’ కదా!

బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ: మేష్టారూ, మా పక్కనే ఉంది ఉదాహరణ. 2024 మార్చి 1న ఇక్కడి టిఫిన్ హోటల్లో బాంబు పేలింది. రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలోది కాబట్టి ముందు నగర పోలీసులు చూశారు. కొద్దిరోజుల్లోనే కేసు ఎన్ఐఏకి (జాతీయ దర్యాప్తు సంస్థ) వెళ్లింది. అది 2008 చట్టంతో వచ్చిన కేంద్ర సంస్థ. ఏప్రిల్ 12న ఇద్దరు పశ్చిమ బెంగాల్లో దొరికారు. ఎవరికి వారే యమునా తీరే అనుకుని ఉంటే దొరికేవారా?

కానీ అదంతా పేలాక. అంతకుముందు, గది తలుపేసుకుని ఫోన్లో మునిగిపోయి, మాట తీరు మారిన కుర్రాణ్ని చూసేది అమ్మ, లెక్చరర్, హాస్టల్ వార్డెన్. స్టేషన్‌కి చెబితే కేసవుతుందేమోనని టెన్షన్. చెప్పకపోతే ఇంకో టెన్షన్. అనువాదకులుగారూ, మీ పాఠంలో వాళ్లకి ఏ విభక్తి ఇచ్చారు?

నేను: ఏదీ లేదండీ. ‘సంబంధిత భాగస్వాములు’ అని అందర్నీ ఒకే మూటలో కట్టేశారు. మళ్లీ చదివితే 11 చోట్లలో నాలుగింట్లోనే ఎవరు ఎవరికి చెప్పాలో తెలుస్తోంది. అక్కడ ‘సమన్వయం’ ఉంచేశాను. మిగతా ఏడు చోట్ల కర్త ఎవరని, పంపినవాళ్లకే మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.