మాజీ సీఐ లాయర్ అయితే క్రిమినల్ కేసుకి లాభమా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్తే. మా తమ్ముడి మీద కొట్లాట కేసు ఉంది, ఛార్జిషీటు వేసేశారు, ట్రయల్ మొదలవ్వాలి. మా బాబాయి ఒక లాయర్ గురించి చెప్పారు, ఆయన సీఐగా రిటైరయ్యి ఆ తర్వాత ఎన్‌రోల్ అయ్యారంట. స్టేషన్ లోపలి సంగతులన్నీ తెలిసిన మనిషి కదా అని ఇంట్లో అందరూ ఆయనకే ఇద్దామంటున్నారు, నాకేమో పోలీసుల మీద ఆయన గట్టిగా నిలబడతారా అని భయం. అసలు ఆ వయసులో లాయర్ అవ్వొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నల్లకోటు:
అవ్వొచ్చండి. ఎల్ఎల్‌బీ చేసి, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వాలి. 45 దాటినవాళ్ళని తీసుకోం అన్న రూల్‌ని సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది. సర్వీసులో ఉండి జీతం తీసుకుంటూ మాత్రం ప్రాక్టీస్ చెయ్యకూడదు. ముంబైలో వై.పి. సింగ్ గారైతే ఐపీఎస్ వదిలేసి మరీ లాయర్ అయ్యారు.
లాభం మాత్రం ఉంది, నేను కళ్ళారా చూశా. ఒక గంజాయి కేసులో డిఫెన్స్ లాయరు మాజీ ఎస్ఐ. పంచనామాలో (సరుకు పట్టుకున్న చోట సాక్షుల ముందు రాసే కాగితం) రాసిన టైమూ, స్టేషన్‌లో జరిగేవన్నీ టైముతో రాసే జనరల్ డైరీలో టీం బయల్దేరిన టైమూ పక్కపక్కన పెట్టి, దర్యాప్తు చేసిన ఆఫీసర్ని (ఐఓ) అడిగారు, డైరీ ప్రకారం వాళ్ళింకా స్టేషన్ దాటనే లేదు, పంచనామాలో అప్పటికే సరుకు సీజ్ అయిపోయింది! ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్ళకే అది దొరుకుద్ది.

రిటైర్డ్_ఖాకీ:
నేనూ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చినవాణ్ణే బాబూ. ఫైలు ఎలా తయారవుద్దో మాకు తెలుసు, నిజమే. నలుగురు సాక్షుల స్టేట్‌మెంట్లు అక్షరం మారకుండా ఒకేలా ఉంటే అవి స్టేషన్ రైటర్ కూర్చుని కొట్టినవని చూడగానే అర్థమైపోద్ది. కానీ సాక్షిగా బోనెక్కి జవాబు చెప్పడం వేరు, అవతలి సాక్షిని ఎదురు ప్రశ్నలతో క్రాస్ చెయ్యడం వేరు. ఆ రెండోది సీనియర్ దగ్గర జూనియర్‌గా కూర్చుని నేర్చుకోవాల్సిందే, ఆ సీనియర్ మనకంటే వయసులో చిన్నోడైనా సరే. కాబట్టి సర్వీసు ఎన్నేళ్ళు అని కాకుండా సొంతంగా ఎన్ని ట్రయల్స్ నడిపారో అడుగు. మీ కేసు పెట్టినప్పుడు ఆయన అదే స్టేషన్‌లో ఉన్నారేమో కూడా కనుక్కో, సాక్షిగా రావాల్సొచ్చే కేసులో లాయరు వకాలత్ తీసుకోకూడదు, బార్ కౌన్సిల్ రూల్ అది. ఇంకా 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి, సోదాకీ సీజ్‌కీ వీడియో తియ్యాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 105 చెప్తోంది, మా రోజుల్లో ఇది లేదు. మీది ఆ తర్వాత కేసయితే కర్రలు సీజ్ చేసిన వీడియో ఉందా అని ఆయనే ముందు అడగాలి.

కృష్ణాతీరం:
థాంక్స్ సర్. ఆయన వేరే జిల్లాలో చేశారు, కేసు కూడా పోయినేడాదిదే. స్టేషన్‌లో పరిచయాలున్నాయి కాబట్టి ఈజీ అంటున్నాడు మా బాబాయి, అదే నచ్చట్లేదు.

వరంగల్_వాణి:
అన్నా, పరిచయాలు చూసి మాత్రం లాయర్‌ని పెట్టుకోకండి. మేనేజ్ చేస్తా అన్నాయన్ని నమ్మి మా ఇంట్ల డబ్బులు పోగొట్టుకున్నరు. ఛార్జిషీటు పడ్డంక కేసు కోర్టుది, స్టేషన్‌ల ఎవ్వరూ దాన్ని తీసెయ్యలేరు. ఛార్జిషీటు, స్టేట్‌మెంట్ల కాపీలు ముద్దాయికి ఫ్రీగనే ఇయ్యాలె, అవి తీస్కపోయి ఆయన ముందు పెట్టండి, చదివి ఏం లోపాలు కనిపించినయో చెప్పమనండి. చదవకముందే ఫీజు మాట్లాడితే వేరేవాళ్ళని చూస్కోండి.