పాత క్యాసెట్ డెక్‌లో అజిముత్ స్క్రూను క్యాసెట్‌కొకసారి తిప్పడం సబబేనా?

పాతరీలు:
నా దగ్గర రెండు హెడ్ల డెక్ ఒకటి ముప్పై ఏళ్లుగా ఉంది. అందులో నేను రికార్డు చేసుకున్నవి స్పష్టంగానే పలుకుతాయి గానీ, వేరే డెక్‌లపై రికార్డయిన క్యాసెట్లు పెడితే పాట దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టు ఉంటుంది. హెడ్ పక్కనున్న అజిముత్ స్క్రూను, అంటే టేపుకు హెడ్ ఎంత వాలులో ఆనాలో కుదిర్చే స్క్రూను, క్యాసెట్‌కు తగ్గట్టు కాస్త తిప్పుకుంటే సరిపోతుందని చాలామంది చెబుతున్నారు. నేను దీనికి ఒప్పుకోను. ఆ స్క్రూ కదలకూడదనే తయారీదారులు దాని తలపై రంగు చుక్క వేసి పంపారు. ఒకసారి కదిపితే అసలు స్థానం ఎక్కడో మనకు తెలియదు. పైగా కొన్ని డెక్‌లలో టేపును నడిపించే గైడ్ హెడ్‌కే అతికి ఉంటుంది కాబట్టి, హెడ్‌ను అతిగా వంచితే గైడూ వంగి టేపు అంచు నలుగుతుంది. ధ్వని మొద్దుబారితే ముందు హెడ్‌నూ, టేపును లాగే సన్నటి కడ్డీ అయిన క్యాప్‌స్టన్‌నూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, టేపును ఆ కడ్డీకి అదిమి పట్టే పించ్ రోలర్ రబ్బరుపై పేరుకున్న గోధుమరంగు పొడిని తీయాలి. స్క్రూ జోలికి పోనవసరం లేదని నా వాదన.

సన్నస్క్రూ:
పాతరీలు గారూ, తుడవడం గురించి మీరన్నది నిజమే. కానీ మీ క్యాసెట్లు బాగా పలికి ఇతరులవి మాత్రమే మొద్దుబారుతున్నాయంటే అది మురికి పని కాదు, ఎందుకంటే మురికికి స్వపర భేదం ఉండదు. లెక్క చూడండి. క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది కాబట్టి, 10,000 హెర్ట్జ్ ధ్వని తరంగం ఒక్కొక్కటి టేపుపై 4.76 మైక్రాన్లు మాత్రమే ఆక్రమిస్తుంది. ఒక స్టీరియో ట్రాక్ వెడల్పేమో సుమారు 0.6 మిల్లీమీటర్లు. రికార్డు చేసిన హెడ్‌లోని చీలికకూ, వినిపించే హెడ్‌లోని చీలికకూ మధ్య అర డిగ్రీ కూడా లేని వాలు ఉంటే చాలు, ఆ ట్రాక్ ఒక అంచున తరంగం లేస్తుంటే మరో అంచున పడుతూ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని 10,000 హెర్ట్జ్ దగ్గర ఏమీ మిగలదు. అందులో సగం వాలుకే దాదాపు 4 డెసిబెల్స్ పోతాయి. దీనిపై టేపు బుసను తగ్గించే డాల్బీ బి కూడా వేసి ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. బలహీనమైన పై స్వరాలను తగ్గించడమే వినిపించేటప్పుడు దాని పని కాబట్టి, వాలు వల్ల తగ్గిన ట్రెబుల్‌ను అది సహజంగానే బలహీనమైనదిగా భావించి ఇంకా అణచివేస్తుంది.

తయారీదారుల మాటే ప్రమాణమంటే, 1982లో వచ్చిన నాకమిచి డ్రాగన్‌ను గుర్తు చేయవలసి ఉంటుంది. టేపు నడుస్తుండగానే వినిపించే హెడ్ వాలును అది తనంతట తానే సరిచేసుకునేది. క్యాసెట్ క్యాసెట్‌కూ, ఒకే క్యాసెట్‌లో ఈ వైపుకూ ఆ వైపుకూ వాలు మారుతుందన్న సంగతి తెలియకపోతే అంత ఖరీదైన యంత్రాంగాన్ని ఎవరు తయారుచేస్తారు?

రెండోవైపు:
మీరిద్దరూ రెండు వేర్వేరు పనులను ఒకటిగా చూస్తున్నారు. వినడానికి తిప్పిన స్క్రూ ఆ పూటకే పరిమితం. తిప్పిన స్థితిలో రికార్డు చేస్తే మాత్రం ఆ వాలు టేపుపై శాశ్వతంగా ఉండిపోతుంది. రెండు హెడ్ల డెక్‌లో ఒకటి చెరిపే హెడ్, రికార్డు చేసేదీ, వినిపించేదీ మిగిలిన ఒకే హెడ్ కాబట్టి, అది ఎంత వంకరగా ఉన్నా తన క్యాసెట్లు తనకు బాగానే వినిపిస్తాయి. పాతరీలు గారూ, మీ సొంత క్యాసెట్‌ను వేరే డెక్‌లో ఎప్పుడైనా పెట్టి విన్నారా?

కంప్యూటర్‌లోకి ఎక్కించాక సాఫ్ట్‌వేర్‌తో సరిచేయవచ్చు కదా అని కొందరు అడగవచ్చు. ఎడమ, కుడి చానళ్ల మధ్య కాలభేదాన్ని అలా సరిచేయవచ్చు గానీ, ఒకే ట్రాక్ లోపల కొట్టుకుపోయిన ట్రెబుల్ తిరిగి రాదు. దాన్ని పెంచితే వెంట బుసబుస కూడా పెరుగుతుంది.

పాతరీలు:
రెండోవైపు గారు అడిగాక నిన్న మూడు క్యాసెట్లను బంధువుల డెక్‌లో పెట్టి చూశాను. మూడూ మొద్దుగానే పలికాయి. నా డెక్ స్క్రూపై రంగు చుక్క చెక్కుచెదరలేదు గానీ, దాని కింద హెడ్ మాత్రం ఎప్పటినుంచో ఒరిగే ఉందన్నమాట. రంగు చుక్కను సాక్ష్యంగా చూపడం నా పొరపాటే. అయితే ఇప్పుడు నా భయం మరింత పెరిగింది. హెడ్‌ను సరిచేస్తే ముప్పై ఏళ్ల నా రికార్డింగులన్నీ నా డెక్‌లోనే మొద్దుబారిపోతాయి కదా!

సన్నస్క్రూ:
అందుకే స్క్రూ ముట్టుకునే ముందు, మంచి షెల్ (ప్లాస్టిక్ డొప్ప) ఉన్న క్యాసెట్‌పై ఇప్పటి స్థితిలోనే 10,000 హెర్ట్జ్ టోన్‌ను రెండు చానళ్లలోనూ కొన్ని నిమిషాలు రికార్డు చేసి దాచుకోండి. ఎప్పుడు పాత స్థానానికి రావాలన్నా ఆ టోన్ గరిష్ఠంగా వినిపించేదాకా తిప్పితే చాలు. అయస్కాంతం పట్టని స్క్రూడ్రైవర్ వాడండి, డాల్బీ ఆపేయండి, రెండు చానళ్లనూ కలిపి మోనోలో వినండి. మోనోలో వాలు దాగదు. టోన్‌తో ఒక చిక్కుంది. వాలు మరీ ఎక్కువైతే తప్పుడు శిఖరాలు కూడా వినిపిస్తాయి కాబట్టి, ఎనిమిదో వంతు మలుపుకు మించి ఒకేసారి పోకుండా, ముందుగా పాటలోని తాళాల మోతనో, టేపు బుసనో విని సుమారుగా కుదిర్చాకే టోన్ దగ్గరకు వెళ్లండి.

పాతరీలు:
ఈ పద్ధతి సమంజసంగానే ఉంది. అయినా నా డెక్‌ను నా క్యాసెట్లకే వదిలేసి, ఇతరుల క్యాసెట్లకు రెండో డెక్ ఒకటి తెచ్చుకుంటాను. తిప్పుడంతా దాని మీదే. కొత్త రికార్డింగులు మాత్రం ఏ డెక్‌లోనూ చేయను, హెడ్ వాలును సరిచూసుకోవడానికి సరైన వాలులో రికార్డు చేసిన ప్రామాణిక టెస్ట్ టేప్ దొరికేదాకా.

రెండోవైపు:
తెచ్చుకునేది క్యాసెట్‌ను తిప్పిపెట్టకుండానే రెండు వైపులా వినిపించే ఆటో రివర్స్ డెక్ అయితే, తిరిగే హెడ్‌కు ఒక్కో దిశకు ఒక్కో స్క్రూ ఉంటుంది. ఏది ఏ దిశదో చూసుకోకుండా తిప్పితే ఒకవైపు బాగుపడుతుందనుకున్నంతలో రెండోవైపు చెడుతుంది. నా పేరు అలా వచ్చిందే.