డిగ్రీ ఫస్టియర్ ఫిజిక్స్‌కి వారానికి ఎనిమిది లెక్కలు ఎక్కువా?

సుద్దముక్క:
తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కాలేజీ పేరు వద్దు. బీఎస్సీ ఫస్టియర్ పిల్లలకి మెకానిక్స్ మొదలైనప్పటి నుంచి వారానికి ఎనిమిది లెక్కలు ఇస్తున్నా. సోమవారం ఇస్తే మళ్లీ సోమవారానికి నోట్సు నా టేబుల్ మీద ఉండాలి. ఇంటర్నల్స్‌లో పది మార్కులు దీనికే పెట్టాను. పోయిన వారం ముగ్గురు పేరెంట్స్ వచ్చి ప్రిన్సిపాల్ గారి ముందు కూర్చున్నారు. "ఇదేమన్నా హైస్కూలా సార్, హోంవర్కులు ఇచ్చి టిక్కులు పెట్టడానికి?" అన్నారు.

నా లెక్క ఇది. జాతీయ క్రెడిట్ విధానంలో ఒక క్రెడిట్ అంటే మొత్తం 30 గంటల చదువు. ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1200 గంటలు. మా థియరీ పేపరు మూడు క్రెడిట్లు కాబట్టి 90 గంటలు. అందులో క్లాసు 45. మిగిలిన 45 గంటలు పిల్లాడు సొంతంగా కూర్చోవాల్సినవి. 15 వారాలకి పంచితే వారానికి మూడు గంటలు. లెక్కకి ఇరవై నిమిషాలు వేసుకున్నా ఎనిమిదింటికీ మూడు గంటలు పట్టదు. ఇందులో అన్యాయం ఎక్కడుందో చెప్పండి.

పాకాల ప్యాసింజర్:
సార్, నేను మీ స్టూడెంట్ని కాను, వేరే కాలేజీ. కానీ ఆ ఇరవై నిమిషాల మాట చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోవద్దు.

మేం ఇంటర్‌లో రెండేళ్లు ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌కే చదివినాం. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. నెగిటివ్ మార్కులు లేవు కాబట్టి రాకపోతే ఏదో ఒక ఆప్షన్ పెట్టేసి ముందుకు పోవడమే. చాలా లెక్కలు ఆప్షన్ల నుంచి వెనక్కి వచ్చి చేసేవాళ్లం. ఇప్పుడు డిగ్రీలో ఆప్షన్లు తీసేసి "బొమ్మ గీసి, బలాలు గుర్తించి, మెట్టు మెట్టుగా రాయండి" అంటున్నారు. మొన్న వాలు తలం మీద పెట్టె, పైన కప్పీ, తాడుకి ఇంకో బరువు వేలాడే లెక్క ఒకటి ఇచ్చారు. నార్మల్ ఫోర్స్ (తలం పెట్టెని నెట్టే బలం) దగ్గర అలవాటు కొద్దీ ఎమ్‌జీ, అంటే బరువు మొత్తం రాసేశా. జవాబు ఎంతకీ కుదరదు. వాలు మీద అది ఎమ్‌జీ కాస్ థీటా అవుతుందని తట్టేసరికి పాకాలలో రైలెక్కినవాణ్ణి చంద్రగిరి దాటేశా. అదొక్కటే యాభై నిమిషాలు. అట్లాంటివి ఎనిమిదంటే ఆరు గంటల పైమాటే. నాకు ఫిజిక్స్ ఒక్కటే లేదు కదా సార్.

మామిడి మండీ (చిత్తూరు):
ఆ ముగ్గురిలో నేను లేను గానీ, ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. దాని రూమ్మేట్‌కి వాళ్ల నాన్న లెక్చరర్, ఫోన్ చేస్తే చెప్పేస్తాడు. మాకు ఎవరున్నారప్పా? నేను టెన్త్‌తో ఆపేసినా. మండీలో తూకం లెక్కలు అయితే నోటితో చెబుతా, ఈ థీటాలు నావల్ల కాదు. మార్కుల్లేని హోంవర్క్ ఎన్నైనా ఇచ్చుకోండి. మార్కులు పెడితే మాత్రం అది పిల్లకి కాదు, ఇంటికి పెట్టినట్టు.

మరమరాలు:
డల్లాస్‌లో ఉంటాను, మాది రేణిగుంట. ఇక్కడ ఫెడరల్ నిబంధనలోనే ఉంది, గంట క్లాసుకి బయట రెండు గంటల పని అని. మూడు క్రెడిట్ల కోర్సంటే వారానికి ఆరు గంటలు. ఎవరూ అడ్డు చెప్పరు. మనవాళ్లకి మూడు గంటలకే ఏడుపా?

పాత రికార్డు:
డల్లాస్ బాబూ, అక్కడ పిల్లలు ఒక సెమిస్టర్‌లో ఎన్ని సబ్జెక్టులు తీసుకోవాలో కొంత వాళ్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ ఇచ్చిన టైంటేబుల్ ఇచ్చినట్టు మోయాలి. ఆ ఆరు గంటలు తెచ్చి ఇక్కడ అతికించొద్దు.

నేను ముప్పై ఏళ్లు చెప్పి రిటైరయ్యాను. అసలు విషయం ఎవరూ ఎత్తట్లేదు. పిల్లలకి టైము లేకపోవడం కాదు, ఉన్న టైమంతా ల్యాబ్ రికార్డు రాయడమే మింగేస్తోంది. ల్యాబ్‌లో లోలకం ఊపి ఇరవై డోలనాలకి టైము తీసేది పావుగంట. ఆ ప్రయోగానికి ఉద్దేశం, పరికరాలు, సూత్రం, విధానం, జాగ్రత్తలు అని సీనియర్ రికార్డు ముందర పెట్టుకుని, మార్జిన్లు కొట్టి, చక్కటి చేతిరాతతో కాపీ కొట్టేది ఒక సాయంత్రం. ఇంకో సబ్జెక్టులో ఐదు పేజీల అసైన్‌మెంట్, అదీ గైడు నుంచి ఎత్తిరాసిందే. ఇదంతా హోంవర్క్ కాదా? చేతికి పని, బుర్రకి సెలవు! ముప్పై ఏళ్లలో వేల రికార్డుల మీద సంతకం చేశాను, నాదీ తప్పుంది. సుద్దముక్క గారూ, మీ లెక్కలు తగ్గించే ముందు ఆ రికార్డు రాతని సగం చేయించండి. గ్రాఫు, రీడింగులు, దోషం ఎక్కడొచ్చిందో నాలుగు ముక్కలు చాలు. మీ గంటలు అక్కడే దొరుకుతాయి.

మరమరాలు:
సరే సార్, ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నా. రికార్డు మాట మాత్రం నిజం. నేను సీనియర్‌కి టీ కొనిపెట్టి రికార్డు తెచ్చుకునేవాణ్ణి.

వెనక బెంచీ అక్క:
ఎమ్మెస్సీ చేస్తున్నా. నిజం చెప్పనా? ఆ ఎనిమిది లెక్కలు క్లాసులో ఇద్దరు చేస్తారు. ఆదివారం రాత్రి ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడతాయి. మిగతావాళ్లు సోమవారం పొద్దున బస్సులో కూర్చుని నోట్సులోకి ఎక్కించుకుంటారు. ఇప్పుడు ఆ ఇద్దరు కూడా అక్కర్లేదు, ఫోన్లో ప్రశ్న ఫొటో తీస్తే ఏఐ మెట్లతో సహా రాసిస్తుంది. పది మార్కులు ఎవరికి వేస్తున్నట్టు సార్?

సుద్దముక్క:
అమ్మా, అది నాకు తెలుసు. పోయిన నెల ఇరవై మూడు నోట్సుల్లో ఒకే తప్పు: గురుత్వ త్వరణం జీ విలువ 9.8 బదులు 98. దశాంశ బిందువు మొదటి ఫొటోలో సరిగా పడలేదనుకుంటా. జవాబు చూసి, పెట్టె అంత వేగంగా ఎందుకు జారుతోందని ఒక్కరైనా ఆగలేదు. ఆ రోజు కోపం కంటే దిగులే ఎక్కువ వేసింది.

ఆ తర్వాత వారం ఎనిమిదింట్లో ఒకటి నేనే తయారుచేసి ఇచ్చాను. అలిపిరి నుంచి తిరుమలకి మెట్లెక్కే 60 కిలోల మనిషికి ఒక లడ్డూ శక్తి సరిపోతుందా? విలువలేమీ ఇవ్వలేదు, మీరే అనుకోండన్నా. ఒకమ్మాయి 3550 మెట్లు, మెట్టుకి 15 సెంటీమీటర్లు అనుకుని 532 మీటర్ల ఎత్తు వేసింది. ఇంకొకతను తిరుపతి, తిరుమల ఎత్తుల తేడా చూసి, అలిపిరి కాస్త ఎత్తులో ఉంటుందని తగ్గించి 700 తీసుకున్నాడు. 60ని 9.8తో, 700తో గుణిస్తే సుమారు 412 కిలోజౌళ్లు, అంటే 98 కిలోక్యాలరీలు. "ఇంతేనా? మరి నాకు అంత ఆయాసం ఎందుకొచ్చింది సార్?" అని వెనక నుంచి ఒకడు. తిన్నదాంట్లో కండరాలు పనిగా మార్చేది దాదాపు ఐదో వంతు, మిగతాదంతా వేడి, చెమట అని అప్పుడు చెప్పా. అంటే ఐదింతలు, 490 కిలోక్యాలరీలు కావాలి. లడ్డూ 175 గ్రాములు, గ్రాముకి నాలుగు కిలోక్యాలరీలు వేసుకున్నా 700. సరిపోయింది. ఆ గంటలో క్లాసంతా కొట్టుకున్నారు. నోట్సులు చూస్తే ఏ రెండు జవాబులూ ఒకటి కాదు. కాపీ కొడితే దొరికిపోతారు మరి.

పాకాల ప్యాసింజర్:
ఇట్లాంటివైతే ఆరు గంటలైనా చేస్తాం సార్. కానీ వారానికి ఎనిమిది ఇట్లాంటివి మీరు తయారు చేయగలరా?

సుద్దముక్క:
చేయలేను. ఒకటి తయారు చేయడానికే నాకు ఆదివారం పోయింది. క్లాసులో అరవై మంది. అన్నీ చదవడానికి ఇంకో రెండు సాయంత్రాలు.

మామిడి మండీ (చిత్తూరు):
అట్లయితే ఒకటే ఇవ్వండి సార్, మిగతా ఏడు మీ క్లాసులోనే చేయించండి. మీరు పక్కనుంటే మా పిల్ల కూడా చేస్తుంది.

పాత రికార్డు:
ఏడూ క్లాసులో చేయిస్తే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారయ్యా? సెమిస్టర్ పరీక్ష ఆగదు. కొన్ని లెక్కలు ఒంటరిగా కూర్చుని తల బద్దలు కొట్టుకుని చేయాల్సిందే. ఆ కుర్రాడు రైల్లో యాభై నిమిషాలు కుస్తీ పట్టాడు చూడండి, నార్మల్ ఫోర్స్ వాడు ఇక జన్మలో మరిచిపోడు. నేను బోర్డు మీద పదిసార్లు చెప్పినా అంత ఎక్కదు.

వెనక బెంచీ అక్క:
నాలుగు చాలు సార్. మార్కులు నోట్సుకి వద్దు. సోమవారం చీటీ తీసి ఇద్దర్ని బోర్డు దగ్గరికి పిలవండి, వాళ్ల లెక్క వాళ్లే చెప్పాలి. ఏఐతో చేసుకొచ్చినా ఫర్వాలేదు, చెప్పగలిగితే చాలు.

సుద్దముక్క:
ఇది చేసి చూడొచ్చు. నాలుగు లెక్కలు, చీటీలు. మార్కులు పది నుంచి ఐదుకి తగ్గిస్తా, పూర్తిగా తీసేయను. తీసేస్తే నోట్సే తెరవరు. రికార్డు సంగతి డిపార్ట్‌మెంట్ మీటింగులో ఎత్తుతా, మా హెచ్‌ఓడీ ఒప్పుకుంటారని మాత్రం నమ్మకం లేదు.

మామిడి మండీ (చిత్తూరు):
బోర్డు దగ్గరికంటే మా పిల్ల ఇంకా భయపడుతుంది సార్.

పాకాల ప్యాసింజర్:
నాదొక డౌటు సార్. మెట్ల లెక్కలో ఆ అమ్మాయికి 532 ఎందుకు తక్కువొచ్చింది? మధ్యలో మెట్లు లేని వాలు దారి ఉంటుంది, అదేనా?

సుద్దముక్క:
నువ్వు మెట్లెక్కావా ఎప్పుడైనా? ఈసారి ఎక్కేటప్పుడు స్కేలు తీసుకుపో.